ముందర గంప

వసంత వండిన పప్పు కమ్మగా ఉందని మా ఇంట్లో మొదట అన్నది మా ఆయనే. అన్నందుకు ఆ పూట ఆయనకు రెండో ముద్ద పెట్టలేదు నేను.

"పప్పు అయిపోయిందా ఏంది?" అన్నాడు భీమయ్య, ఖాళీ కంచంలో వేళ్ళు ఆడిస్తూ.

"అయిపోయింది. ఇంక కావాల్నంటే గోడ అవతల ఉన్నది. పోయి తిను పో."

ఆయన నా ముఖం ఒకసారి చూసి, చెంబు అందుకుని లేచిపోయాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడిన ఆ ఒక్క మాటా అదే కావాలా మరి!

గోడ అవతల అంటే మా మరిది తిమ్మప్ప ఇల్లు. వసంత తిమ్మప్ప పెళ్ళాం, నాకు తోడికోడలు, మానవపాడు దిక్కు పిల్ల. దసరా దాటాక అన్నదమ్ములు వేరుపడ్డారు. చేను పంచుకున్నారు, వాకిలి మధ్య నడుమెత్తు గోడ లేపారు, ఒక పొయ్యి రెండయింది. కొట్లాడి వేరుపడింది కాదు కాబట్టి కూరగిన్నెలు ఆ గోడ మీదుగా అటూ ఇటూ పోతూనే ఉండేవి. మా ఆయన మెచ్చుకున్న పప్పు కూడా అట్లా గోడ దాటి వచ్చిందే. ఆ మరునాటి నుంచి నేను గోడ మీద గిన్నె పెట్టడం మానేశాను.

కుళ్ళు అంటారా, అనండి. పప్పు అంటే ఈరమ్మదే అని వీపనగండ్ల నుంచి వనపర్తి దాకా పేరున్న మనిషిని నేను. ఊరికే వచ్చిన పేరు కాదు. కందులు నానబెట్టి, జల్లెడ పట్టిన ఎర్రమన్ను చిక్కగా కలిపి గింజగింజకూ పట్టించి, ఒక రాత్రి కుప్పేసి, ఎండలో ఫెళఫెళలాడేదాకా ఆరబెట్టి, మన్ను దులిపి ఇసుర్రాయిలో పోస్తే బద్ద విరగకుండా, పొట్టు మిగలకుండా పసుపుపచ్చగా రాలుతుంది పప్పు. మర పప్పు కాదు కదా, ఊళ్ళో ఇంకెవరి చేతి పప్పూ నా పప్పు పక్కన నిలబడేది కాదు. వసంత కాపురానికి వచ్చేదాకా నిలబడలేదు.

ఇది రెండువేల ఏడులో మాట. అప్పటికి మా ఊళ్ళన్నీ ఇంకా పాలమూరు జిల్లా. వనపర్తిలో మా సంఘానికి ఒక కొట్టు ఉండేది. చేనుకు పురుగుమందు కొట్టకుండా పండించే పల్లె ఆడవాళ్ళం, ఆ వీధిలో కాపురముండే ఇళ్ళవాళ్ళు కలిసి పెట్టుకున్న కొట్టు. అమ్మేవాళ్ళూ సభ్యులే, కొనేవాళ్ళూ సభ్యులే. కొర్రలు, పచ్చజొన్నలు, గానుగ నూనె, చింతపండు, లింగాల నుంచి వచ్చే తేనె, అన్నీ చుట్టుపక్కల ఊళ్ళవే. ఆ వీధిలోనే ఉండే సావిత్రమ్మ కొట్టుకు పెద్ద. ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటే: ప్రతి సంచి మీద పండించిన మనిషి పేరు ఉండాలి. ఒకరి చేనుది ఇంకొకరి పేరు మీద వచ్చిందా, ఆ ఇద్దరి సరుకూ ఆ ఏడంతా కొట్టు గడప తొక్కదు. మందు కొట్టలేదని కొనేవాళ్ళు నమ్మేది పేరు చూసే కదా, పేరే అబద్ధమైతే ఇంకేముంది అనేది ఆమె.

గడప దాటగానే ఎదురుగా ఒక పెద్ద వెదురు గంప ఉంటుంది. దాన్ని ముందర గంప అంటాం. ఉగాదికి ముందు కొత్త కందిపప్పు వచ్చినప్పుడు అందరి పప్పూ వేరువేరు కుండల్లో ఉడకబెడతారు. ఉప్పు, పసుపు తప్ప ఏమీ వెయ్యరు. ఏ కుండ ఎవరిదో సావిత్రమ్మ ఒక్కదానికే తెలుసు. అందరూ తిని ఏది మేలంటే ఆ పప్పు ఆ ఏడంతా ముందర గంపలో ఉంటుంది, గంప మీద పలకపై ఆ మనిషి పేరు ఉంటుంది. కొట్టు పెట్టిన నాటి నుంచీ ఆ పలక మీద ఉన్నది నా పేరే. వచ్చినవాళ్ళు "ఈరమ్మ పప్పు ఇయ్యండి" అని అడుగుతుంటే నేను పక్కనే ఏమీ ఎరగనట్టు చింతపండు సర్దుకుంటూ వినేదాన్ని. ఆ మాట కోసం పని లేకున్నా వనపర్తి బస్సెక్కిన రోజులున్నాయి.

మా ఆయన మాటతో ఆగి ఉంటే ఎట్లాగో ఓర్చుకునేదాన్నేమో. మా అత్త ఎంకమ్మ కూడా మొదలుపెట్టింది.

వేరుపడ్డప్పుడు, "పెద్దకోడలి చేతి బువ్వకు అలవాటు పడ్డ, నేను ఈడనే ఉంట" అని నా వైపు ఉండిపోయిన మనిషి ఆమె. వసంత వాళ్ళ అమ్మది రాయచూరు దిక్కు, అందుకని ఆ పిల్ల తిండిని ఊట అంటుంది. పొద్దున గోడ అవతల నుంచి, "ఊట అయ్యిందా అత్తా?" అని పలకరించేది. "ఇంక యాడిది బిడ్డా" అంటూ మా అత్త గోడ దగ్గరికి పోయేది. పోయినామె కాసేపటికి మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చేది. ఒకరోజు నేను కంచం పెట్టి పిలిస్తే, "నాకు ఊట అయ్యిందే" అంది.

ఊటట! పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి బువ్వ అన్న నోరు అది.

"బువ్వ అనరాదా అత్తా? నోట్లె పుండయిందా?"

"ఏందే గట్ల మీద పడుతున్నవ్? తిన్ననని చెప్పిన, అంతే గద."

"పప్పేనా?"

"పప్పే. రెండుసార్లు ఏయించుకున్న. తప్పా?"

"ఎన్నడన్న నా పప్పు రెండుసార్లు అడిగి ఏయించుకున్నవా?"

మా అత్త కంచం పక్కకు జరిపింది. "నువ్వు అడగకముందే ఏస్తవు గద. ఇంక అడిగేదేముంది?" అంది.

అది మెచ్చుకోవడమో తప్పించుకోవడమో నాకు అర్థం కాలేదు. ఆ అన్నం తీసుకుపోయి బర్రె కుడితిలో పోశాను.

అసలు నన్ను తినేసింది ఏమిటంటే, ఆ పిల్ల కందులు నాకు తెలుసు. పూత మీద పురుగు పడితే మేం మందు కొట్టం, చెట్టును పట్టుకుని ఊపుతాం. ఒకరు ఊపితే ఒకరు కింద దుప్పటి పట్టాలి, పురుగులన్నీ దాంట్లో రాలతాయి, కోళ్ళకు వేస్తాం. ఒంటరిగా అయ్యే పని కాదు. కాబట్టి వేరుపడ్డా ఆ ఏడు ఒకరి చేలో ఒకరం ఊపుకున్నాం. వసంత పెళ్ళప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం కలిసి ఉన్నప్పుడే చేనులో ఒక పక్క వేసింది, పంపకంలో ఆ పక్క వాళ్ళకే వచ్చింది. కాయ విప్పి చూశాను. గింజ సన్నది, వంకరది, నల్ల మచ్చలు. నా కందులు నిండుగా, చూస్తే కడుపు నిండేట్టుంటాయి. "ఇదేం గింజే, ఎలుక పండ్ల తీరుగున్నది" అని నవ్వాను కూడా. ఆ గింజకు ఈ రుచి ఎక్కడి నుంచి వస్తుంది? ఏదో ఉపాయం ఉంది, నాకు చెప్పకుండా దాచుకుంది అనిపించింది. అనిపించాక ఇంక నిద్ర లేదు, కూడు లేదు.

శివరాత్రి ముందు చింతపండు ఇవ్వడానికి ఇద్దరం ఒకే బస్సులో వనపర్తి పోయాం. ఆమె ముందు సీట్లో, నేను వెనక సీట్లో. కొట్టులో అడుగు పెట్టగానే ఆ వీధి టీచరమ్మ జానకమ్మ ఎదురొచ్చింది. ప్రతిసారీ నా చెయ్యి పట్టుకుని మాట్లాడే మనిషి, నన్ను దాటి వెళ్ళి, "వసంత అంటే నువ్వేనా అమ్మా? సావిత్రమ్మ నీ పప్పు చారెడు ఇస్తే వండాను. మా ఇంట్లో గిన్నె నాకేశారు" అంది.

వసంత సిగ్గుపడుతూ, "మీకు నచ్చితే సాలమ్మా" అంది.

సావిత్రమ్మ నా వైపు తిరిగి నవ్వింది. "ఈరమ్మా, ఈ ఏడు నీకు గట్టి పోటీ ఉన్నట్టుందే!"

"ఉండనీయండి. పోటీ ఉంటెనే గద మజా" అన్నాను నేనూ నవ్వుతూ. ఆ నవ్వు తెచ్చుకోవడానికి ఎంత కష్టపడ్డానో నా దవడలకు తెలుసు.

శివరాత్రి వెళ్ళిన తర్వాత ఒక పొద్దున బట్టలారేస్తుంటే గోడ అవతల కనబడింది. వసంత వాకిట్లో కూర్చుని ఉంది. ఒక పక్క గంపలో కందులు, ఇంకో పక్క తట్టలో నల్లమన్ను. మన్నులో నీళ్ళు పోసి పిసుకుతోంది. ఆ మన్ను నాకు గుర్తే. సంక్రాంతి తర్వాత పుట్టింటికి పోయి వస్తూ మూట కట్టుకొచ్చింది. ఏంది అంటే, "మన్ను అక్కా, మా చేనిది" అని నవ్వి లోపలికి తీసుకుపోయింది. అప్పుడు పట్టించుకోలేదు నేను. ఇప్పుడు కందుల పక్కన నల్లమన్ను చూడగానే నాకు కథంతా అర్థమైపోయింది. ఓహో, ఇదా సంగతి! మేం ఎర్రమన్ను పట్టిస్తాం, వీళ్ళు నల్ల రేగడి పట్టిస్తారు! రుచి అంతా అందులోనే ఉంది!

నేను చూసినట్టు దానికి తెలియకూడదని తడి చీర అట్లాగే భుజాన వేసుకుని లోపలికి వచ్చేశాను.

మా చేలన్నీ ఎర్ర చెలకలు. నల్ల రేగడి కావాలంటే కృష్ణ ఒడ్డు దిక్కు పోవాలి. భీమయ్యను సైకిలిచ్చి తరిమాను.

"ఎందుకే నల్లమన్ను?" అన్నాడు.

"పొయ్యి అలుకుత."

"పొయ్యికి బస్తెడు మన్నా?"

"తెమ్మంటే తేవాలె. మన్నుకు కూడ గిన్ని పశ్నలా?"

తెచ్చాడు పాపం. ఇంట్లో ఉన్న కందులన్నీ నానబోశాను. కొన్ని చేసి చూద్దాం అన్న ఆలోచన కూడా రాలేదు. ఉగాది దగ్గరపడుతోంది, ముందర గంప నా కళ్ళ ముందు తిరుగుతోంది. రేగడి కలిపి, పట్టించి, కుప్పేసి, వెనక దొడ్లో ఎవరికీ కనబడకుండా ఎండబెట్టాను.

ఎర్రమన్నయితే ఎండగానే పొడిపొడిగా రాలిపోతుంది. ఈ దరిద్రపు రేగడి ఎండేకొద్దీ బిగుసుకుంది. గింజను పట్టుకుంటే వదలదే! చేటలో వేసి రుద్దాను. గోనెసంచిలో పోసి తొక్కాను. అరచేతులు మండిపోయాయి కానీ మన్ను రాలలేదు. సరే, రాయిలో పడితే అదే పోతుందిలే అని ఇసుర్రాయిలో పోశాను. మన్ను పొడయి పప్పుకంతా పట్టింది. పసుపుపచ్చగా రావలసిన పప్పు బూడిద రంగులో వచ్చింది. కడిగి ఆరేశాను. కడిగాక చెమ్మ వాసన కూడా తోడయింది.

మా అత్త దొడ్లోకి వచ్చి, వంగి, చిటికెడు తీసి వాసన చూసింది. "ఏందే ఇది? చెరువు పూడిక తీసి ఆరేసినవా?"

"నీకెందుకు? పోయి ఊట జేయి పో."

ఆమె పోయింది కానీ దొడ్డి ఎత్తు గోడ మీదుగా వసంత ముఖం లేచింది. "అక్కా, పప్పు గట్లున్నదేంది?"

"ఎట్లున్నది? మంచిగనే ఉన్నది. నా పప్పు మీద నీ కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నవా?"

ఆ పిల్ల నా పప్పునూ నన్నూ చూసి కిందికి దిగిపోయింది.

మానుకుని ఉండవచ్చు కదా అంటారు. ఎట్లా మానుకుంటాను? సంచి తీసుకుపోకపోతే ఈరమ్మ వసంతకు భయపడింది అంటారు. ముందర గంప పోటీ లేకుండా దాని ఒళ్ళో పడుతుంది. ఉడికితే వాసన పోతుందిలే, పసుపు వేస్తే రంగు కనబడదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. రుచి చూసే రోజు పొద్దున ఆ పప్పు సంచిలో నింపి, మూతి కట్టి, అరుగు మీద పెట్టి తానానికి పోయాను. వచ్చి జడ వేసుకుని సంచి నెత్తిన పెట్టుకున్నాను. బస్సులో మళ్ళీ ఆమె ముందు, నేను వెనక.

కొట్టు వెనక పెరట్లో ఆ రోజు పండగే. రాళ్ళ పొయ్యిల మీద వరసగా కుండలు, కింద చింతకట్టెల మంట. వీధిలోని ఇళ్ళవాళ్ళు పిల్లాపాపలతో వచ్చారు. ఆకుల్లో వేడివేడి అన్నం పెట్టి ఒక్కో కుండ పప్పు కొంచెం కొంచెం వడ్డిస్తోంది సావిత్రమ్మ. నా పక్కన గోపాలపేట రుక్కమ్మ కూర్చుంది. పప్పు ఎట్లా ఉన్నా గొంతు మాత్రం దండోరా వేసినట్టుంటుంది ఆమెకు.

మొదటిది తిన్నాను. ఏదో పప్పు. రెండోది తిన్నాను, మాడు వాసన. "ఇది మస్తుగున్నది" అని రుక్కమ్మ అరిచింది కాబట్టి అది రుక్కమ్మదే అనుకున్నాను. మూడోది నోట్లో పెట్టుకోగానే చెయ్యి ఆగిపోయింది. వసంత పప్పు. పేరు చెప్పనక్కర లేదు. నూనె లేదు, పోపు లేదు, ఉత్త పప్పే అయినా నెయ్యి వేసినట్టు కమ్మగా నాలుక మీద కరిగిపోతోంది. ఆ ముద్ద మింగడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. మింగాను. ఇంకొంచెం కావాలనిపించింది. ఆ అనిపించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇప్పుడు నా కుండ వస్తుంది, ఈ నోళ్ళన్నీ ఉమ్మేస్తాయి అని తల దించుకుని కూర్చున్నాను. నాలుగోది వడ్డించింది సావిత్రమ్మ. ఎవరూ ఉమ్మలేదు. "అరె, ఇదీ అట్లనే ఉన్నది!" అంది జానకమ్మ. నేను ముద్ద పెట్టుకున్నాను. అదే పప్పు, అదే కమ్మదనం. మళ్ళీ పెట్టుకుని చూశాను. నా నాలుకకు ఏమైనా అయిందా అనుకున్నాను.

మిగతా కుండలూ అయ్యాయి. అందరి మాటా ఒకటే, మూడూ నాలుగే మేలు, రెండిట్లో ఏదైనా సరే అని. సావిత్రమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని నవ్వుతూ, "మూడోది వసంతది. నాలుగోది ఈరమ్మది. ఇద్దరూ ఒక్క ఇంటి కోడళ్ళే! రెండూ ఒక్కటిగా ఉన్నప్పుడు పెద్దదాన్ని దాటిపోవడం న్యాయం కాదు. ముందర గంప ఈ ఏడూ ఈరమ్మదే" అంది.

చప్పట్లు కొట్టారు. ఎదురు వరసలో వసంత ముఖం మాడిపోయింది. ఉన్నది చెబుతున్నాను, ఆ ముఖం చూసినప్పుడు నాకు పండగే అయింది. కానీ ఎంతసేపు? నోట్లో ఇంకా దాని పప్పు రుచి ఉంది. జానకమ్మ వచ్చి నా భుజం తట్టి, "నీ చేతిని ఎవరు దాటుతారు ఈరమ్మా, ఈసారైతే ముందటికన్నా కమ్మగా ఉంది!" అంది. ముందటికన్నా! అంటే నా పప్పుకన్నా!

ఒళ్ళంతా భగ్గుమంది. ఇంక ఏడాది పొడుగునా ఆ గంపలోది తిని మెచ్చుకుంటారు, పేరు నాది, మెప్పు దానిది. అది వింటూ నేను చింతపండు సర్దుకోవాలి. అది నా పక్కనే నిలబడి మనసులో నవ్వుకుంటుంది. అంతకన్నా ఆ పలక పగిలిపోవడమే నయం.

లేచి చెయ్యి కడుక్కున్నాను.

"అది నాది కాదు" అన్నాను.

"ఏది?" అంది సావిత్రమ్మ.

"నాలుగోది. నా సంచి బూడిద లెక్క ఉండె. ఇది వసంత పప్పు. నా సంచిల ఎట్ల పడ్డదో దాన్నే అడుగుండ్రి."

వసంత లేచి నిలబడింది. "అక్కా, కూసో జర" అంది మెల్లగా.

"నేనెందుకు కూసుంట? నాకు బిచ్చమేస్తవా? నీ పప్పు తోటి నేను గెలవాల్నా?"

సావిత్రమ్మ నా నిజాయితీ గురించి ఇప్పటికీ సంఘంలో కొత్తగా చేరిన వాళ్ళకు చెబుతుంది. నిజాయితీ కాదు, కడుపు మంట. ఆమె అంత ఇష్టంగా చెబుతుంటే కాదనడం ఎందుకని ఊరుకుంటాను.

కట్టుబాటు కట్టుబాటే. ఆమె వసంతను నిలబెట్టి అడిగింది, వసంత ఒప్పుకుంది. నేను తానానికి పోయినప్పుడు అరుగు మీది సంచి దులిపేసి తన పప్పు నింపిందట. సావిత్రమ్మ బాధగా తల ఊపుతూనే పలక తుడిచేసింది. ఆ ఏడంతా మా ఇద్దరి సరుకూ కొట్టుకు రాకూడదంది. మిగిలిన కుండల్లో ఎక్కువమంది రెండోదాన్ని మెచ్చారు, ముందర గంప దక్కింది ఎవరికి? గోపాలపేట రుక్కమ్మకు! ఆ మాడు పప్పుకు! రుక్కమ్మ సంతోషంతో పెట్టిన కేక బస్టాండు దాకా వినపడి ఉంటుంది.

బయటికి రాగానే వసంత మీద పడ్డాను. "నా సంచిల నీ పప్పు ఎవరు పొయ్యమన్నరే? నా మీద జాలా?"

"జాలెందుకు?" ఆ పిల్ల కూడా తిరగబడింది. అప్పటిదాకా నా ముందు గొంతు పెంచింది లేదు. "నేనొచ్చిన కాన్నుంచి ఏది వండినా మీ మరిది ఒకటే అంటుండు, మా వదిన చేసినట్టు లేదు అని. అత్త కూడ అంతే. పప్పు ఒక్కటి బాగున్నదన్నరు. ఆ ఒక్కదాంట్ల నిన్ను గెలవాల్నని నేను ఎంత ఆశ పడ్డనో తెలుసా? నువ్వేమో బూడిద పట్టుకొని వస్తుంటివి. దాని మీద గెల్చుడు కూడ గెల్చుడేనా? ఈరమ్మ పప్పు చెడిపోయిన ఏడు వసంత గెల్చింది అంటరు ఊళ్ళె. నాకొద్దు గసొంటి గెలుపు!"

తిమ్మప్ప అట్లా అంటాడని నాకు తెలియదు. ఒక్కనాడైనా నా ముందు అన్నాడా ఆ మొద్దు ముఖంవాడు!

"పెద్ద కోడలికే ఇస్తరని నాకేమెరుక?" అంది మళ్ళీ, కళ్ళు తుడుచుకుంటూ. "రెండు పేర్లు రాస్తరనుకున్న."

బస్సు వచ్చింది. జనం ఎక్కువున్నారు, ఒకటే సీటు దొరికింది. ఇద్దరం సర్దుకుని కూర్చోక తప్పలేదు. పెబ్బేరు వచ్చేదాకా ఎవరి ముఖం వాళ్ళం అటు తిప్పుకున్నాం. పెబ్బేరు దాటాక నాకు ఇంక ఆగలేదు.

"రుక్కమ్మది పప్పేనే అసలు?"

"మాడగొట్టింది అక్కా!" వసంత ఒక్కసారిగా నా వైపు తిరిగింది. "పెంక మీద ఏసి మర్చిపోయినట్టున్నది."

"బద్దలు చూసినవా? సగం నూకనే."

"పొట్టు! నా పండ్లల్ల ఇరికింది పొట్టు, ఇంక పోలేదు."

"ఏడాదంత దాని పేరు పలక మీద ఉంటదట."

"దాని గొంతు ఇంక పట్టలేం అక్కా."

రుక్కమ్మ పప్పును, గొంతును, ఆమె కట్టుకొచ్చిన చీరను కూడా వదలకుండా చీల్చి చెండాడాం. సంక్రాంతి తర్వాత మేమిద్దరం అన్ని మాటలు మాట్లాడుకున్నది అదే మొదటిసారి. మాట్లాడి మాట్లాడి నోరు ఎండిపోయాక వసంత అడిగింది. "అక్కా, అసలు నీ పప్పుకు ఏమైంది? ఎర్రమన్ను దొరకలేదా?"

"నువ్వు పట్టించిన నల్లమన్నే నేనూ పట్టించిన. నీకైతే మంచిగొచ్చె, నాకు బూడిదయిపాయె."

"నేనేడ పట్టించిన నల్లమన్ను?"

"చూసిన లేవే. తట్టల పిసుకుతుంటివి, పక్కన కందులు."

వసంత నన్ను వింతగా చూసి, పడిపడి నవ్వింది. బస్సులో జనం తిరిగి చూశారు. "అది ఇత్తనం కుండ మూతికి అక్కా! మా అమ్మోళ్ళు ఇత్తనం ముందుగాల ఏ చేనికెల్లి వచ్చిందో ఆ చేని మన్ను తోటే మూస్తరు. పప్పుకు నేను గూడ ఎర్రమన్నే, మీ దొడ్డి ఎనక పుట్టదే తెస్త."

నా తల కొట్టేసినట్టయింది. బస్తెడు మన్ను, అరచేతుల మంట, ఇంటెడు కందులు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కొంచెం తేరుకున్నాక అడిగాను. "మరి రుచి యాడికెల్లి వచ్చిందే?"

"గింజది. నువ్వు ఎలుక పండ్లు అన్నవు సూడు, ఆ గింజది."

కిటికీ బయట కోసేసిన చేలు వెనక్కి పోతున్నాయి. అడగాలా వద్దా అని లోపల పెద్ద కొట్లాటే జరిగింది. నా కన్నా చిన్నది, నిన్న మొన్న వచ్చింది, దాని ముందు చెయ్యి చాచాలి. ఊరు దగ్గరికి వచ్చేసింది. చివరికి ఎటో చూస్తూ అన్నాను.

"ఈసారి మిరుగు వానలకు నాకు జర ఇత్తనం ఇయ్యరాదు?"

"ఇయ్య" అంది వసంత వెంటనే.

నేను విస్తుపోయి చూశాను. "ఏందే, నోరు తెరిచి అడిగితే ఇయ్యవా?"

"ఇయ్య అక్కా. నా కాడ ఉన్నది ఆ గింజ ఒక్కటే. అది గూడ నీ చేతిల పడితే నీ పప్పు నా పప్పును మించిపోతది. నీ చెయ్యి నాకు తెల్వదా?"

నేను గబుక్కున కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్కన అది ఒట్టు పెట్టుకుంటూ, బస్సు దిగేదాకా ఇయ్యనంటే ఇయ్య అంటూనే ఉంది. ఆ ఏడు నా చెవిన అంతకన్నా కమ్మని మాట ఇంకొకటి పడలేదు.